నీళ్ళ సాక్ష్యం

బొద్దింకను ముందుగా ఆవిరిలో ఉడికించి, క్రిమి ఒక్కటి కూడా మిగలకుండా శుద్ధి చేసి, ఆ తర్వాతే బత్తాయి రసంలో వేసేవారు. గ్లాసు పట్టుకున్న మనిషికి ఆ సంగతి ముందే చెప్పేవారు కూడా. చెప్పినా లాభం ఉండేది కాదు. గ్లాసు పెదవుల దాకా వచ్చేసరికి మీసాలు పైకి తేలేవి, మనిషి ముఖం ముడుచుకుపోయేది. కొందరైతే గ్లాసు బల్ల మీద పడేసి వాష్‌బేసిన్ దగ్గరికి పరుగెత్తేవారు. విశాఖపట్నంలోని ఆ ప్రయోగశాలలో ఈ వేడుకంతా అద్దం వెనక కూర్చుని చూడడం డాక్టర్ ఓలేటి మంగాదేవి ఉద్యోగం.

ఆ రోజు కుర్చీలో కూర్చున్నది ఒక బ్యాంకు గుమస్తా. నాలుక కింద రెండు చుక్కల మందు వేయించుకున్నాడు, కాసేపు పేపరు తిరగేశాడు, గ్లాసెత్తి గటగటా తాగేశాడు. పంటి కింద పడిన కాలొకటి తీసి పక్కన పెట్టి, "కాస్త ఉప్పేస్తే ఇంకా బావుండేదండీ" అన్నాడు.

అద్దం వెనక మంగాదేవి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. చెవి పక్కన, మెదడు లోపలికి మడతపడిన చోట ఒక చిన్న భాగం ఉంది. మనకు రోత పుట్టించేది అదే. దాన్ని ఒక పూట నిద్రపుచ్చడానికి ఆమె ఇన్నేళ్ళూ పడిన కష్టం ఫలిస్తోంది. రుచి పోదు, వాసనా పోదు. కంపు కంపుగానే తెలుస్తుంది. దాన్ని చూసి కడుపులో దేవడం మాత్రం ఉండదు. ఆ మందుకు 'సహన' అని పేరు పెట్టుకుంది. క్యాన్సర్ మందులు పడి అన్నం చూస్తేనే వాంతి చేసుకునేవాళ్ళ కోసం చేసిన మందు అది. ఆసుపత్రిలో ఒక టీచరమ్మ ఆ చుక్కలు వేసుకుని, ఎన్నాళ్ళకో ఒక పెసరట్టు మొత్తం తిని, ప్లేటు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. అది చూసిన రోజున మంగాదేవి కూడా ఏడ్చింది.

పరీక్షలో చివరి భాగం ఒకటి మిగిలింది. గుమస్తాకు చిన్న సినిమా చూపించారు. అందులో ఒకడు కుంటికుక్కను గోడకేసి తంతుంటాడు. ఏమనిపించిందని అడిగారు.

"దాని కాలు ముందే విరిగిపోయింది కదండీ" అన్నాడు గుమస్తా, చేతులు తుడుచుకుంటూ.

మంగాదేవి చప్పట్లు ఆగిపోయాయి. ఆ మాట తీసుకెళ్ళి డైరెక్టరు చక్రపాణికి చెప్పింది. కుళ్ళిన తిండిని చూసి పుట్టే రోతా, కుళ్ళిన పనిని చూసి పుట్టే రోతా ఒక్కచోటి నుంచే వస్తున్నాయేమో, మనం రెండింటినీ కలిపి నిద్రపుచ్చుతున్నామేమో అంది.

"అతనికి కుక్కలంటే పడదేమో మంగాదేవి గారూ" అన్నాడు చక్రపాణి, నవ్వుతూ. "మీరన్నిటికీ భయపడతారు. మంచి కబురు వినండి. పెట్టుబడి దొరికింది. మురుగు పనివాళ్ళు, శవాలెత్తేవాళ్ళు, కంపులో బతికేవాళ్ళు ఎంతమంది లేరు? వాళ్ళ సంక్షేమానికట. ఇక్కడొక సంతకం పెట్టండి."

సంక్షేమం అన్న మాట వినడానికి ఎంత శుభ్రంగా ఉంటుందో! మంగాదేవి సంతకం పెట్టేసింది. ఆ పెట్టుబడి ఎవరిదని అడగలేదు.

*

కొన్ని నెలల తర్వాత నువ్వుల్లంక నుంచి అక్క నూకరత్నం ఫోన్ చేసింది. ఆదివారం గ్రామసభ. లంకలో గ్యాసు కోసం రాళ్ళు పగలగొట్టే పని ఇకమీదట సాగనివ్వకూడదని తీర్మానం పెడుతున్నారు. తను పంపిన సీసాలోని నీళ్ళ పరీక్ష రిపోర్టు పట్టుకుని వచ్చితీరాలంది.

మంగాదేవి పంటు మీద గోదావరి దాటి లంకలో దిగేసరికి ఎండ చల్లబడుతోంది. కొబ్బరిచెట్ల వెనక కంపెనీవాళ్ళ ఇనప గోపురం కనబడుతోంది. కంపెనీవాళ్ళు చేసే పని చెప్పుకోవడానికి చిన్నదే. పాతాళంలో ఉన్న రాతి పలకలను ఇసుకా మందులూ కలిపిన నీళ్ళ పోటుతో పగలగొడతారు. పగుళ్ళలోంచి గ్యాసు పైకి వస్తుంది. గ్యాసుతో పాటు పోసిన నీళ్ళూ వెనక్కి వస్తాయి, పోసినప్పటికంటే పదిరెట్లు అధ్వాన్నంగా. ఆ నీళ్ళను చెరువులో దాచామంటారు, శుద్ధి చేశామంటారు. ఈ లంకలో ఇప్పటికి పగలగొట్టింది ఒక్క బావే. మరో డజను తవ్వుతామని మ్యాపు తెచ్చి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించారు.

ఇంటిముందు బోరు కొట్టి కాళ్ళు కడుక్కుందామని మంగాదేవి వంగింది. కుళ్ళిన గుడ్డూ కిరసనాయిలూ కలిపి కాచినట్టున్న కంపు గుప్పున ముఖాన కొట్టింది. నీళ్ళ మీద రంగురంగుల తెట్టు. పాదాలకు జిగురు పట్టింది. ఎంత రుద్దినా వదల్లేదు, రుద్దిన చేతికీ అంటుకుంది. దొడ్లో గేదె తొట్టివైపు ఒకసారి మూతి పెట్టి, బుస్సుమని తల తిప్పేసుకుంది.

"దానికున్న బుద్ది కంపెనీ మేనేజరుకి లేదే" అంది నూకరత్నం, డబ్బా నీళ్ళతో టీ పెట్టి ఇస్తూ. మొగుడు పోయాక రొయ్యల షెడ్లలో పనిచేసి కొడుకును చదివించుకున్న మనిషి ఆమె. ఊళ్ళో ఆడవాళ్ళందరినీ కూడగట్టి ఈ పోరాటం నెత్తికెత్తుకుంది. "రిపోర్టు తెచ్చావంటే?"

"తెచ్చానక్కా. ఇవి నీళ్ళు కావు, విషం. తాగితే చిగుళ్ళు నల్లబడతాయి, నరాలు చచ్చుబడతాయి, కిడ్నీలు పోతాయి."

"ఆ కాయితం మావోళ్ళు నమ్మరే. కంపెనీవోడూ ఓ కాయితం తెచ్చాడు, అమృతంలాటి నీళ్ళని. ఏ కాయితాన్ని నమ్ముతారు? అందుకే రేపు సాక్ష్యం పెడతన్నారు."

నీళ్ళ సాక్ష్యం ఆ లంకలో తాతల నాటి పద్ధతి. కొత్త బావి తవ్వినప్పుడల్లా తవ్వినవాడు ఊరందరి ముందూ మొదటి గ్లాసు తాగాలి. ఊళ్ళోవాళ్ళు ఎవరు గ్లాసందించినా కాదనకూడదు. మంచివో చెడ్డవో వాడిని నోరు తెరిచి చెప్పనివ్వరు. ఊళ్ళోని పెద్ద ముత్తైదువ ఒకామె ఎదురుగా కూర్చుని వాడి ముఖం చూస్తుంది. నీళ్ళు గొంతు దిగేటప్పుడు ముఖం మారితే ఆ బావి పూడ్చేయాల్సిందే. నోరు ఎన్ని అబద్ధాలైనా ఆడుతుంది గాని, గుటక పడేటప్పుడు ముఖం అబద్ధమాడదని వాళ్ళ నమ్మకం. నీటిమీద బతికే లంకవాళ్ళు ఆ నమ్మకంతోనే ఇన్ని తరాలు బతికారు.

"కంపెనీ తరఫున ఎవరు తాగుతున్నారు?" అంది మంగాదేవి.

"ఇంకెవరు? మన లోవరాజే" అని నూకరత్నం గలగలా నవ్వింది.

లోవరాజు ఆమె ఒక్కగానొక్క కొడుకు. డిప్లొమా చదివి, ఆ కంపెనీలోనే ఊళ్ళవాళ్ళతో మాట్లాడే ఉద్యోగంలో చేరాడు. తల్లి గ్యాసు వద్దంటుంటే కొడుకు గ్యాసు జీతం తెస్తున్నాడని ఊళ్ళో వెటకారాలు పడుతూనే ఉన్నాయి.

"వాడు తాగడానికి నువ్వెలా ఒప్పుకున్నావక్కా?"

"ఒప్పుకోవడవేంటి, నేనే ఆణ్ణి పెట్టమన్నాను. ఆడి సంగతి నాకు తెల్దా? చిన్నప్పుడు పాలల్లో మీగడ తగిలితే ఈదంతా ఇనపడేలా ఓక్కునేవోడు. రొయ్యల షెడ్డునించొచ్చి ముట్టుకుంటే దూరం పొమ్మనేవోడు. ఒక్క గుక్క నోట్లో పడనీ, ఆడి ముఖవే చెప్పేత్తాది. పైగా కంపెనీ మనిషే కదా, ఇంక ఆళ్ళు కాదనలేరు. ఒక్క గుక్కకేం కాదులేవే."

అంతలోనే లోవరాజు వచ్చాడు. కంపెనీ చొక్కా, మెడలో కార్డు. "ఎప్పుడొచ్చావు పిన్నీ" అంటూ నవ్వాడు. ఆ నవ్వు బావుంది, కాని పెదాల వెనక చిగుళ్ళు నల్లగా ఉన్నాయి. అరచేతుల్లో చర్మం పొరలుపొరలుగా లేచిపోతోంది. మంగాదేవి టీ గ్లాసు కింద పెట్టేసింది.

వాడు వంటింట్లోకి వెళ్ళి, గేదె కుడితిలో పారబోయడానికి పక్కన పెట్టిన గిన్నె తీసుకున్నాడు. మొన్నటి చేపల పులుసు. పైన తెల్లగా బూజు కట్టి, నురగ పొంగుతోంది. ఆ పుల్లటి కుళ్ళు వాసన గుమ్మం దాకా వచ్చింది. వాడు అన్నం పెట్టుకుని, ఆ పులుసు పోసుకుని కలిపాడు. బూజు ముద్దలో పడి సాగింది. ముద్ద నోట్లో పెట్టుకుని, వేళ్ళు నాకాడు.

"ఓరి నీ తిండి తగలెయ్యా, అది పారబోసేదిరా!" అని తల్లి గిన్నె లాక్కుంది. "ఈమధ్య ఈడికి ఏదైనా పర్లేదే మంగా. ఆ డ్యూటీలో అలా ఆకలేత్తాదేవో."

మంగాదేవికి తాగిన టీ పైకి తన్నుకొచ్చింది. పులుసును చూసి కాదు. అలాంటి ముఖాలను ఆమె అద్దం వెనక నుంచి ఎన్నోసార్లు చూసి ఉంది. చూసి చప్పట్లు కొట్టింది కూడా.

వాణ్ణి దొడ్లోకి పిలిచి జేబు చూపించమంది. వాడు ఏమీ దాచలేదు. చిన్న నీలం సీసా తీసి ఇచ్చాడు.

"ఇది నీకెవరిచ్చార్రా?"

"ఫీల్డ్ స్టాఫుకి అందరికీ ఇత్తారు పిన్నీ. సైటు దగ్గర కంపుకి మొదట్లో నిలబడలేకపోయేవోణ్ణి. ఇదేసుకున్నాక హాయిగా ఉంటంది. సీసా మీద మీ ల్యాబు పేరుంది చూడు. మా పిన్ని చేసిన మందేనని సైటులో అందరికీ చెప్పాను."

"నీళ్ళు ఎక్కడెక్కడ తాగావు?"

"రెల్లుగడ్డ, మొగలిపాలెం, పూలంక, ఇంకా అటేపు కొన్నూళ్ళు. మన పద్ధతి ఈ లంకలన్నిట్లో ఉంది కదా, మేనేజరు గారికి నేనే చెప్పాను. మీటింగుకో గ్లాసు. ఊళ్ళోవోళ్ళు చూసి సంతకాలు పెట్టేశారు."

"ఆ నీళ్ళు మంచివని నీకు తెలుసా?"

"మంచియెందుకవుతాయి? కంపే. కాని నేను మంచియని ఎప్పుడన్నాను? తాగానంతే. ఆళ్ళే అనుకున్నారు."

"రేపు మీ అమ్మ ముందర కూడా అలాగే తాగుతావా?"

"తాగుతాను. అదే కదా పని." వాడు నిజంగానే అర్థంకానట్టు చూశాడు. "అమ్మకి చెప్పాలనుకుంటే చెప్పు పిన్నీ. నాకేం పర్లేదు."

వాడి ముఖంలో సిగ్గు కోసం వెతికింది మంగాదేవి. బొంకుతున్నవాడి బెదురు కోసం వెతికింది. ఏమీ దొరకలేదు. మీగడ తగిలితే ఓక్కునే పిల్లాణ్ణి తుడిచేసి, ఆ చోట ఈ నవ్వును కూర్చోబెట్టారు. తుడిచిన గుడ్డ మాత్రం తన చేతుల్లో తయారైంది.

కాలవగట్టు మీదికి వెళ్ళి చక్రపాణికి ఫోన్ చేసింది. అతను కోప్పడలేదు, ఆశ్చర్యపోలేదు కూడా. అంటే అన్నీ తెలుసన్నమాట, ఆ పెట్టుబడి గ్యాసు కంపెనీదేనన్నమాట.

"ఆవేశపడకండి. ఈ సంగతి బయటికొస్తే మందు ఆగిపోతుంది. ఆసుపత్రిలో ఆ టీచరమ్మ రేపటి నుంచి ఏం తింటుంది చెప్పండి? మీ ఊరొక్కటీ చూసుకుంటారా, రోగులందర్నీ చూసుకుంటారా? పైగా సంతకం మీది."

టీచరమ్మ ప్లేటును అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నాడు! అతని మీద అసహ్యం వేసింది మంగాదేవికి. అంతకంటే ఎక్కువగా, ఆ మాట విని ఫోన్ పెట్టేసిన తన మీద వేసింది. అక్కకు చెబుదామని రెండుసార్లు వంటింటి గుమ్మం దాకా వెళ్ళింది. చెబితే, ఆ మందు చేసిందెవరన్న ప్రశ్న వస్తుంది. రెండుసార్లూ మంచినీళ్ళడిగి వెనక్కి వచ్చింది. చేతిసంచీలో సహన సీసా ఒకటి ఎప్పుడూ ఉండేది. రెండు చుక్కలు వేసుకుంటే ఈ రోత పోతుంది, రేపు సభలో హాయిగా కూర్చోవచ్చు అన్న ఆలోచన వచ్చింది. మూత తీసింది కూడా. ఇంత నీచపు ఆలోచన తన బుర్రలో పుట్టినందుకు ఒళ్ళు జలదరించి, సీసాను తీసుకెళ్ళి బోరు పక్కన బురదలో గుమ్మరించేసింది.

*

పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. లంక లంకంతా వచ్చి కూర్చుంది. బల్ల మీద గాజు జగ్గు, అందులో పగలగొట్టిన బావి నీళ్ళు. బల్ల వెనక సర్పంచి గంగరాజు, పక్కనే చలవ కళ్ళద్దాల్లో కంపెనీ మేనేజరు. ఎదురుగా పీట మీద పోలమ్మ మామ్మ. ఈ లంకలో ఎన్నో బావులను బతికించి, ఎన్నింటినో పూడ్పించిన కళ్ళు ఆమెవి.

నూకరత్నం లేచి మాట్లాడింది. గేదెలు చూలు నిలవక ఈసుకుపోతున్న సంగతి చెప్పింది, పిల్లల ఒంటిమీద దద్దుర్లు చూపించింది. "నాదొకటే మాట. ఆ నీళ్ళు మంచియైతే నేనే తీర్మానం చింపేత్తాను. చెడ్డయైతే ఆ గోపురం మా లంక నించి లేచిపోవాల. నా కొడుకే తాగుతాడు. ఆడి ముఖం చూసి మీరే చెప్పండి."

లోవరాజు వచ్చి నిలబడ్డాడు. గ్లాసు నింపారు. ముందు వరసలో ఉన్నవాళ్ళు కొంగులూ కండువాలూ ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. వాడు పోలమ్మ మామ్మ కళ్ళలోకి చూస్తూ గ్లాసెత్తి, చిన్నగా, మర్యాదగా, చివరి బొట్టు దాకా తాగాడు. కనురెప్ప కదల్లేదు. గుటక గుటకకూ గొంతు ఆడిందే తప్ప ముఖం మారలేదు. పెదవి మీద మిగిలిన తెట్టును నాలుకతో తుడిచేసుకుని నవ్వాడు.

పోలమ్మ మామ్మ చాలాసేపు చూసింది. మళ్ళీ తాగమంది. మళ్ళీ తాగాడు.

"మారలేదు" అంది చివరికి, గొణుక్కున్నట్టు. "కంపు నా ముక్కుకి తగుల్తానే ఉంది. కాని ఆడి ముఖం మారలేదు. నేను చూసింది చెప్పాల కదా."

సభలో కలకలం రేగింది. "చూశారా, వాసనుంటే ఉండొచ్చుగాని నీళ్ళలో దోషం లేదు" అన్నాడు మేనేజరు. తీర్మానం కావాలన్నవాళ్ళు చేతులెత్తండి అన్నాడు సర్పంచి. పొద్దున దాకా గోపురం కూల్చేద్దామన్నవాళ్ళు కూడా ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అక్కడక్కడా లేచిన చేతులు సగంలోనే దిగిపోయాయి.

అన్నిటికంటే ముందు దిగిన చెయ్యి నూకరత్నానిది. కొడుకునే చూస్తోంది. "ఆడి ముఖం అబద్ధవాడదు" అంది, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "నా ముక్కే సెడిందేవో. నాదే తప్పేవో. క్షమించండి బాబూ." తీర్మానం కాగితం చింపడానికి రెండు చేతులతో పట్టుకుంది.

అక్క తప్పయిందంటూ చేతులు జోడించడం మంగాదేవి ఎన్నడూ చూడలేదు. ఇంక కూర్చోలేకపోయింది.

"ఆగక్కా" అని లేచింది. "మామ్మా, సాక్ష్యానికి నిలబడ్డవాడు ఊళ్ళోవాళ్ళు ఎవరు గ్లాసందించినా కాదనకూడదు కదా?"

"కాదనకూడదు" అంది పోలమ్మ మామ్మ.

"నేనీ ఊరిదాన్నే. నేనొక గ్లాసిస్తాను."

ఆఫీసు పక్కింటి దొడ్లో కుడితి గోలెం ఉంది. బియ్యం కడుగు, పాచిపోయిన గంజి, అరటి తొక్కలు, చేపలు కడిగిన నీళ్ళు కలిసి ఎండకు పొంగుతున్నాయి. పైన పురుగులు లుకలుకలాడుతున్నాయి. మంగాదేవి అందరూ చూస్తుండగానే గ్లాసు అందులో ముంచింది. చెయ్యి మణికట్టు దాకా తడిసింది. చప్పున తీసుకొచ్చి అక్క కొడుకు ముందు పెట్టింది.

"ఇది పద్ధతి కాదు, మా మనిషిని అవమానిస్తున్నారు" అని మేనేజరు లేచాడు. "లోవరాజూ, తాగొద్దు!"

"మీరు కూకోండి బాబూ" అంది పోలమ్మ మామ్మ. "తాగాలన్నది మీరొప్పుకున్న పద్ధతే."

"ఇదిగో లోవా" అంది మంగాదేవి. "తాగి చూపించు."

వద్దని వాడు అనాలని ఆమె లోలోపల ఎంతగా కోరుకుందో! వాడు గ్లాసు అందుకున్నాడు. ఇందాకటిలాగే పోలమ్మ మామ్మ కళ్ళలోకి చూస్తూ, చిన్నగా, మర్యాదగా తాగడం మొదలుపెట్టాడు. చేప పొలుసు ఒకటి పెదవికి అంటుకుంది. అరటి తొక్క పీచు పళ్ళకు అడ్డం పడితే నమిలి మింగాడు. గడ్డం మీదికి జారిన పురుగును వేలితో తీసి, గ్లాసులో వేసుకుని, దాంతో సహా చివరి గుక్క తాగేశాడు. అదే నవ్వు నవ్వాడు.

ఛీ! సభంతా ఒక్కసారిగా వెనక్కి జరిగింది. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పరుగెత్తింది. కుర్చీలు పడ్డాయి. సర్పంచి బల్ల కిందికి వంగి కక్కేశాడు. నూకరత్నం మాత్రం ఉన్నచోటనే నిలబడి, కడుపు పట్టుకుని, కొడుకు మీంచి కళ్ళు తిప్పుకోలేక భళ్ళున వాంతి చేసుకుంది.

"ఏవైంది?" అన్నాడు లోవరాజు, అందర్నీ చూస్తూ. "అమ్మా, అలా ఉన్నావేంటి? బానే ఉందిగా?"

"వీడికి రోత లేకుండా చేశారు" అంది మంగాదేవి. అందరికీ వినపడేలా చెప్పింది. "చుక్కల మందు వేసి చేశారు. రెల్లుగడ్డలోనూ, మొగలిపాలెంలోనూ, పూలంకలోనూ వీడి చేత ఇలాగే తాగించారు. వీడి చిగుళ్ళు చూడండి. ఆ మందు చేసింది నేను. రోగుల కోసం చేశాను. ఎవరి చేతికి పోతుందో నేను అడగలేదు, సంతకం పెట్టాను. నిన్న రాత్రే నాకు తెలుసు. నోరు మూసుకున్నాను."

మేనేజరు అప్పటికే జీపెక్కుతున్నాడు. ఎవరూ అతణ్ణి ఆపలేదు, అతణ్ణి ముట్టుకోవాలన్న కోరిక ఎవరికీ లేదు. పోలమ్మ మామ్మ పీట మీంచి లేచింది.

"ఎంతమంది ముఖాలు చూశానమ్మా" అంది మంగాదేవితో. "ఇక మీదట ఎవడి ముఖం నమ్మను? మా లంకకి ఉన్నదదొక్కటే. దాన్ని చంపేశావు కదే." జవాబు కోసం చూడకుండా తనే ముందుగా చెయ్యెత్తింది. ఆ వెనక ఊరు ఊరంతా ఎత్తింది. నువ్వుల్లంకలో రాళ్ళు పగలగొట్టే పని సాగకూడదన్న తీర్మానం, వ్యతిరేకంగా ఒక్క చెయ్యి కూడా లేకుండా నెగ్గింది. దాని వెనకే, సంతకాలు పెట్టిన లంకలన్నిటికీ కబురు పంపాలని ఇంకో తీర్మానం చేశారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

*

లోవరాజును ఇంట్లో కూర్చోబెట్టి, నీలం సీసా పగలగొట్టేశారు. రోజూ వేసుకున్న మందు కాబట్టి దిగడానికి ఎన్నాళ్ళు పడుతుందో మంగాదేవికీ తెలియదు. అసలు దిగుతుందో లేదో కూడా తెలియదని ఒప్పుకుంది. కాకినాడ డాక్టరు వచ్చి రక్తం తీసుకెళ్ళాడు. కిడ్నీల సంగతి ఇప్పుడే చెప్పలేమన్నాడు. వాడు మాత్రం అరుగు మీద కూర్చుని ఎవరేం పెడితే అది తినేవాడు, ఎవరేం తిడితే అది వినేవాడు, నవ్వేవాడు. రెల్లుగడ్డ నుంచి ఒకాయన బిడ్డనెత్తుకుని వచ్చి, నీ ముఖం చూసే సంతకం పెట్టానురా అని గుండెలు బాదుకున్నప్పుడు కూడా, "కూకో బాబాయ్, టీ తాగుతావా" అన్నాడు.

నూకరత్నం చెల్లెలితో మాట్లాడడం మానేసింది. పొమ్మనలేదు, ఉండమనలేదు. మంగాదేవి చక్రపాణికి రాజీనామా పంపింది, మందు పరీక్షల్లో కనబడిన చెడునంతా పేపరువాళ్ళకు చెప్పింది. టీచరమ్మ తలపుకొచ్చినప్పుడల్లా తిండి సహించక, అక్క వసారాలో ఒక మూల కూర్చుని ఉండేది.

ఒక ఉదయం నూకరత్నం కొడుక్కి పాలు కాచి ఇచ్చింది. వాడు గ్లాసు నోటిదాకా తెచ్చి ఆగాడు. గ్లాసులోకి చూశాడు. వాడి ముక్కుపుటాలు కదిలాయి. గ్లాసు కింద పెట్టేసి, దొడ్లోకి పరుగెత్తి, గేదె తొట్టి పక్కన రెండు చేతులూ నేలకానించి కక్కడం మొదలుపెట్టాడు. పాలు కాదు వాడు కక్కుతున్నది. కడుపులో ఏమీ లేకపోయినా పేగులు బయటికి వచ్చేలా ఓక్కుంటూనే ఉన్నాడు. మధ్యలో ఊపిరందినప్పుడల్లా ఒక్కో ఊరి పేరు పలికాడు. పూలంక అన్నాడు. మొగలిపాలెం అన్నాడు. "ఆ నీళ్ళమ్మా... ఆళ్ళ పిల్లలు తాగుతున్నారమ్మా... నేనే కదా..." అని మళ్ళీ వంగిపోయాడు.

నూకరత్నం పరుగెత్తుకొచ్చి వాడి నుదురు రెండు చేతులతో పట్టుకుంది. చీరంతా పాడైపోతున్నా కదల్లేదు. "కక్కు నాన్నా, కక్కు" అంటోంది. వాడి ఓకరింతలు వీధంతా వినబడుతున్నాయి. ఆమె నవ్వుతోంది, ఏడుస్తోంది.

మంగాదేవి చెంబుతో డబ్బా నీళ్ళు తెచ్చి, అక్క కొడుకు పక్కన వంగి, మూతి తుడవబోయింది. వాడు తలెత్తి పిన్నిని చూశాడు. చూస్తుండగానే వాడి ముక్కు ముడుచుకుంది, పై పెదవి లేచింది, కళ్ళు చిన్నవైపోయాయి. ఆమె చెయ్యి తగలకుండా ముఖం పక్కకు తిప్పేసుకున్నాడు.

నూకరత్నం ఆ ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని వెలుగు వైపు తిప్పి చూసింది.

"మారింది" అంది. "మామ్మా! పోలమ్మ మామ్మా! రండి, వచ్చి చూడండి! నా కొడుకు ముఖం మారింది!"

మంగాదేవి చెంబు అక్కడే పెట్టి, వాడికి కనబడకుండా పక్కకు తప్పుకుని నిలబడింది.